అద్దాల మేస్త్రీ నెత్తురు

చేతిపని బాగా వచ్చినవాడికి ఉండే పొగరు ఆస్తిపాస్తులున్నవాడికి కూడా ఉండదు. ఆస్తి కరిగితే పొగరూ కరుగుతుంది. చేతిలో పని కరిగేది కాదు కనక ఆ పొగరు మనిషితోపాటే ముదురుతుంది. గడియారాలు విప్పేవాళ్ళలో, కత్తెర పట్టేవాళ్ళలో, తలుపులు బిగించేవాళ్ళలో ఈ జాతి మనుషులు ఏ ఊరికి వెళ్ళినా తగులుతారు. వాళ్ళ దగ్గర పని చేయించుకోవడమంటే మన తెలివితక్కువతనం మీద ఒక ఉపన్యాసం విని, బుద్ధిగా తలూపి, ఆపైన కూలి ఇచ్చి రావడం. అద్దాల మేస్త్రీ ఆ జాతికి మకుటం లేని మహారాజు.

అతని కొట్టు ఒక ఇరుకు వీధిలో, తాళాలు బాగుచేసే కొట్టుకీ కుట్టుమిషన్ల కొట్టుకీ మధ్య ఉండేది. గోడలకి చేరేసి నిలబెట్టిన అద్దాలు, మధ్యలో పాత కంబళి పరిచిన పొడుగాటి బల్ల, మూల కిరసనాయిలు డబ్బా. లోపలికి అడుగుపెట్టినవాడికి నాలుగువైపులా తన మొహమే కనిపించి సగం ధైర్యం అక్కడే చచ్చేది. మిగతా సగాన్ని మేస్త్రీ చంపేవాడు.

"కిటికీ కొలిచింది నువ్వేనా?" అనేవాడు, కాగితం మీద ఒక చూపు పారేసి.

"అవును మేస్త్రీగారూ."

"టేపుతోనా, జానతోనా?"

"టేపుతోనేనండీ."

"మరి పై కొలతా కింది కొలతా ఒకటే ఎలా వచ్చింది? మీ ఇల్లు కట్టినవాణ్ణి నేనెరుగుదును. వాడు కట్టిన కిటికీ పైనా కిందా ఒకేలా ఉంటే ఆ రోజు వాడికి ఒంట్లో బాగాలేనట్టే. పో, మళ్ళీ కొలుచుకురా."

వెళ్ళి కొలిస్తే తేడా వచ్చేది. ఒళ్ళు మండేది అక్కడే. తిట్టేవాడి మాట తప్పయితే ఎలాగో ఓర్చుకోవచ్చు. ఒప్పయితే ఓర్చుకోవడం మహా కష్టం.

అద్దం కోతకి అతను రెండు నియమాలు చెప్పేవాడు. కోత కలాన్ని కిరసనాయిల్లో ముంచి గీత ఒక్కసారే గీయాలి. సరిగా పడలేదని దాని మీదే మళ్ళీ గీస్తే కలమూ పోతుంది, అద్దమూ పోతుంది. గీశాక వెంటనే విరవాలి. రేపు చూద్దాంలే అని వదిలేస్తే గీత చల్లారుతుంది. ఆ తరవాత విరిస్తే పగులు తనకి తోచిన దారిన పోతుంది. "గీత పడ్డాక ఇక ఆలోచన లేదు," అనేవాడు. ఇది అతనికి అద్దాల గురించే తెలుసు. తన నోటి గురించి తెలియదు.

అద్దాల పనివాళ్ళ చేతులు చూస్తే పదేళ్ళు పిల్లులతో కాపురం చేసినట్టుంటాయి. మేస్త్రీ చేతుల మీద ఒక్క గాటు లేదు. జీవితమంతా అద్దాల మధ్య మసిలి ఒక్క చుక్క నెత్తురు కార్చలేదని అతను చెప్పుకోని రోజు లేదు. ఎవరైనా పనివాడి వేలు తెగితే మందు ఇచ్చేవాడు కాదు. "ముందు అద్దం తుడు. నీ నెత్తురు నీకు ముద్దేమో, కొనేవాడికి కాదు," అనేవాడు.

ఆ మాట అందరికన్నా ఎక్కువసార్లు పడ్డవాడు అతని సొంత తమ్ముడు. తమ్ముడు కొట్లో ఉన్నన్నాళ్ళూ ఏదో ఒక వేలికి గుడ్డపేలిక కట్టుకునే ఉండేవాడు. పని రాక కాదు, ధ్యాస లేక. బల్ల మీద అద్దం పలక ఉండగా గుమ్మంలో పోయేవాణ్ణి పలకరించేవాడు. ఒకరోజు నలుగురు కొనుగోలుదార్ల ముందు మేస్త్రీ, "వీడి నెత్తురు కడగడానికే ఒక మనిషిని పెట్టుకోవాలి. వీడు పనిచేస్తే నాకు రెండు కూలీలు," అన్నాడు. నలుగురూ నవ్వారు. తమ్ముడూ నవ్వాడు. మర్నాటినుంచి కొట్టుకి రాలేదు. సినిమాహాల్లో టార్చిలైటు పట్టుకుని ఆలస్యంగా వచ్చినవాళ్ళకి సీట్లు చూపించే పనిలో చేరాడు. ఆ రోజునుంచి అన్న నోట అతని పేరు టార్చి. "మా టార్చిగాడు చీకట్లో పుట్టాడు, చీకట్లోనే బతుకుతాడు," అనేవాడు. పెళ్ళీ పెటాకులూ లేవు, సినిమాహాలు వెనక ఒక గది, ఒక మంచం. కుటుంబంలో ఏ శుభకార్యానికైనా అతన్ని పిలిచేవారు కానీ, వచ్చాడో లేదో ఎవరూ చూసేవారు కాదు.

వీళ్ళిద్దరికీ ఒక అక్క ఉంది. ఆడపిల్లల బడికి హెడ్మిస్ట్రెస్‌గా చేసి విరమించింది. ఇప్పటికీ ఎవరితో మాట్లాడినా ఎదుటివాళ్ళు చేతులు కట్టుకుని నిలబడాలన్నట్టు మాట్లాడుతుంది. మేస్త్రీ లోకంలో గౌరవించే మనిషి ఆమె ఒక్కతే.

జబ్బు దొంగలా రాలేదు. చెప్పులు చప్పుడు చేసుకుంటూనే వచ్చింది. మేస్త్రీయే తలెత్తి చూడలేదు. ముందు నీరసం. తరవాత చేతుల మీద, తొడల మీద ఎక్కడా తగలకుండానే నీలపు మచ్చలు. పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి నెత్తురు. "బ్రష్షు నాసిరకం," అన్నాడు భార్యతో. చివరికి ఒక మధ్యాహ్నం అద్దం అంచు వేలికి తగిలింది. చిన్న గాటు. పుట్టి బుద్ధెరిగాక మొదటి గాటు. సాయంత్రమైనా నెత్తురు ఆగలేదు. గుడ్డ మీద గుడ్డ తడిసింది. "అద్దం నాసిరకం," అన్నాడు మేస్త్రీ, ఈసారి కాస్త నెమ్మదిగా.

"అద్దం కాదు, నెత్తురు నాసిరకం," అంది పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ, పరీక్షలన్నీ చూసి. సన్నగా, పొట్టిగా, ముక్కుసూటిగా మాట్లాడే మనిషి. "ఎముకల లోపల మూలుగ ఉంటుంది. నెత్తురు తయారయ్యేది అక్కడే. మీ మూలుగలో ఎదగని తెల్లకణాలు కుప్పలుగా పుట్టి, మంచివాటికి చోటు లేకుండా చేస్తున్నాయి. నెత్తురు గడ్డకట్టించే కణాలు తగ్గిపోయాయి కనకే గాటు ఆగలేదు. దీన్ని ల్యుకేమియా అంటారు. నెత్తురు కేన్సర్."

"నా ఒంట్లో నాసిరకం సరుకా?" అన్నాడు మేస్త్రీ. కేన్సర్ అన్న మాట కన్నా ఆ మాటే అతనికి ఎక్కువ తగిలింది.

కీమో మొదలుపెట్టారు. ఈ మందుల పుట్టుక తెలుసుకుంటే మనిషి జాతి మీద ఉన్న కాస్త గౌరవమూ పోతుంది. వీటిలో ఒక వంశం యుద్ధంలో సైనికుల మీద వదిలిన విషవాయువు నుంచి దిగింది. ఆ గాలి పీల్చినవాళ్ళ నెత్తుట్లో తెల్లకణాలు మాయమయ్యాయని గమనించి, అయితే దీన్ని నెత్తురు కేన్సర్ మీదకి తోలదామని ఎవరికో తట్టింది. చంపడం ముందు వచ్చింది, బతికించడం తరవాత గుర్తొచ్చింది. ఇంకొకటి పెరట్లో ఎవరూ పట్టించుకోని బిళ్ళగన్నేరు మొక్కలోంచి తీశారు. మేస్త్రీకి ఎక్కించిన ఎర్రమందయితే ఒక పాత కోట పక్కన తవ్విన మట్టిలో దొరికిన సూక్ష్మజీవిది. కోట కట్టించిన మహానుభావుడు లోకానికి ఏం ఒరగబెట్టాడో తెలియదు కానీ, కోట పక్క మట్టి మటుకు చాలామందిని బతికించింది.

ఎర్రమందు ఎక్కాక మూత్రం ఎర్రగా వచ్చింది. జుట్టు దిండుకి అంటుకుని పోయింది. నోరంతా పుళ్ళు. వాటన్నిటికన్నా పెద్ద బాధ చూడటానికి వచ్చినవాళ్ళు. ఊళ్ళో పనీపాటా లేనివాళ్ళకి ఆసుపత్రి మంచం దొరికితే అంతకన్నా మంచి విడిది లేదు. మేస్త్రీ మేనమామ కొడుకొకడు, ఎర్రగా ఉన్నవన్నీ తింటే నెత్తురు అదే పడుతుందని చెప్పి వెళ్ళాడు. పక్కకొట్టు తాళాలాయన కిరసనాయిలు వాసనే కొంప ముంచిందన్నాడు, తను ఆ వాసన పక్కనే బతుకుతున్న సంగతి మరచి. ఇంకొకావిడ తన ఆఫీసులో ఒకాయనకి అచ్చం ఇలాగే వచ్చిందని మొదలుపెట్టి, చివర ఏమయ్యాడో చెప్పబోయి నాలిక కరుచుకుంది.

"చెప్పమ్మా, ఏమయ్యాడు?" అన్నాడు మేస్త్రీ.

"ఆయన... వేరే ఊరికి బదిలీ అయ్యాడు."

"పైకా?"

అంత నీరసంలోనూ నోరు మటుకు నీరసించలేదు.

మందు పనిచేసింది. మూలుగలో చెడ్డకణాలు కనిపించడం మానేశాయి. మేస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "ఇక కొట్టు తెరుస్తా," అన్నాడు. డాక్టరమ్మ కూర్చోమంది.

"కనపడనంత మాత్రాన పోయినట్టు కాదు. మీ జబ్బు రకం మొండిది. కీమో ఒక్కటే అయితే తిరిగి వస్తుంది. మూలకణాల మార్పిడి చెయ్యాలి."

"అంటే?"

"గట్టి మందులతో మీ మూలుగని మొత్తం తుడిచేస్తాం. ఖాళీ చేస్తాం. ఆ ఖాళీలో ఇంకొకరి మూలకణాలు పోస్తాం. అవి వెళ్ళి ఎముకల్లో కాపురం పెట్టి కొత్త నెత్తురు తయారుచేస్తాయి. ఆ ఇంకొకరు ఎవరో అవడానికి వీల్లేదు. ఒంటి గుర్తులు సరిపోవాలి. తోబుట్టువుల్లో దొరికే అవకాశం ఎక్కువ."

అక్కా తమ్ముడూ ఇద్దరూ వచ్చి పరీక్షకి నెత్తురిచ్చారు. అక్క గుర్తులు సగం సరిపోయాయి. టార్చివి మొత్తం సరిపోయాయి.

ఆ ఫలితం విన్నప్పుడు మేస్త్రీ మొహం చూసి తీరవలసింది. బతికే దారి దొరికిందని చెబితే, ఎవరో తన పలకని అడ్డదిడ్డంగా కోసినట్టు చూశాడు.

"సగమైనా ఫరవాలేదు, అక్కదే ఎక్కించండి."

"సగం సరిపోయినవాళ్ళవీ వాడతాం. కానీ మొత్తం సరిపోయింది చేతిలో ఉండగా అరవై దాటిన మనిషిని ఎందుకు పడుకోబెట్టాలి? మీ తమ్ముడు గట్టిగా ఉన్నాడు."

"వాడు గట్టిగానే ఉంటాడు. బుర్ర వాడితే కదా అరిగేది."

"నాకు బుర్ర అక్కర్లేదు, మూలుగ చాలు," అంది డాక్టరమ్మ. "ఒకటి గుర్తుంచుకోండి. గట్టి మందులు మొదలయ్యాక వెనక్కి రావడం లేదు. ఆ తరవాత అవతలి కణాలు రాకపోతే మీ ఒంట్లో నెత్తురు పుట్టదు. అందుకని ఇచ్చే మనిషి మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. వెళ్ళి మీరే అడగండి."

గీత పడ్డాక ఆలోచన లేదు. ఈ సంగతి మేస్త్రీకి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

అడగాలి. ఒక్క మాట. ఈ లోకంలో మనుషులు ఎన్నెన్నో అడుగుతారు. దారి అడుగుతారు, పిల్లనడుగుతారు, క్షమాపణ అడుగుతారు, ఎవరి నాలికా ఊడిపడలేదు. మేస్త్రీ మూతికి గుడ్డ కట్టుకుని, భార్య వద్దంటున్నా వినకుండా, జనం పల్చగా ఉండే మ్యాట్నీకి సినిమాహాలుకి వెళ్ళాడు. లోపలికి అడుగుపెట్టగానే కాళ్ళ ముందు గుండ్రటి వెలుగు పడింది.

"ఈ వరస చివర, మెట్టు చూసుకోండి," అంది చీకట్లో తమ్ముడి గొంతు. వెలుగు ఒక్కసారి పైకి లేచి మొహం చూసి దిగిపోయింది. "నువ్వా. ఏంటన్నయ్యా ఇలా వచ్చావు?"

"సినిమాకి."

"నువ్వు సినిమాకా. సరే, కూర్చో. ఫ్యాను కింద వద్దు, జలుబు చేస్తుంది."

సినిమా అంతా కూర్చున్నాడు. తెర మీద ఎవరు ఎవరిని ఎందుకు కొడుతున్నారో అతనికి తెలియదు. అయిపోయాక వసారాలో తమ్ముడు ఎదురుచూస్తున్నాడు.

"ఏదైనా అడగడానికి వచ్చావా?" అన్నాడు తమ్ముడు.

మేస్త్రీ నోరు తెరిచాడు. మూశాడు. గోడకున్న పోస్టర్ల పెట్టె వంక చూశాడు. "దీని అద్దం పగిలి ఎన్నాళ్ళయింది? ఎవడు బిగించాడిది? వాణ్ణి తీసుకెళ్ళి మళ్ళీ బళ్ళో వెయ్యాలి. ఒళ్ళు కుదుటపడ్డాక నేనొచ్చి వేస్తాను."

తమ్ముడు పగిలిన అద్దం వంక చూశాడు. "వెయ్యిలే," అన్నాడు. "ఆసుపత్రికి ఎప్పుడు రావాలో అక్కయ్య చెప్పింది. వస్తాను." టార్చి జేబులో పెట్టుకుని లోపలికి పోయాడు.

అడగకుండానే పనైపోయిందని మేస్త్రీ ఇంటికి వచ్చి హాయిగా పడుకున్నాడు. సిగ్గులేనివాడికి నిద్ర తొందరగా పడుతుంది.

మార్పిడి గది ఆసుపత్రి పై అంతస్తులో. లోపల మంచం, గాలి వడగట్టే మిషను, గొట్టాలు. చూడటానికి వచ్చినవాళ్ళు బయట నడవాలో నిలబడి, పెద్ద అద్దం గుండా చూస్తూ, ఫోనులో మాట్లాడాలి. మేస్త్రీ వెళ్ళగానే ఆ అద్దం అంచు తడిమి, "రబ్బరు వంకరగా పెట్టాడు వెధవ," అన్నాడు. గట్టి మందులు మొదలయ్యాయి. మొదటి సీసా సగం దిగేటప్పటికి తమ్ముడు అద్దం అవతలకి వచ్చాడు, సినిమాహాలు ఖాకీ చొక్కాలోనే.

"ఎలా ఉందన్నయ్యా?"

"ఎలా ఉంటుంది, విషం తాగినట్టుంది."

"నాకూ రోజుకో ఇంజెక్షనంట. కణాలు ఎముకల్లోంచి నెత్తుట్లోకి దిగడానికి. ఒళ్ళంతా పీకుతుందన్నారు. ఆ తరవాత ఒక మిషనుకి కట్టేసి, నెత్తురు తీసి, వడగట్టి, మళ్ళీ నాకే ఎక్కిస్తారంట."

ఇక్కడ మామూలు మనిషైతే ఏదో ఒక మంచిమాట అనేవాడు. ఏమీ తోచకపోతే దగ్గేవాడు. సీసా మొదలైంది, తమ్ముడు ఒప్పుకున్నాడు, ఇక అంతా ఖాయమనుకున్న మేస్త్రీకి నాలిక మీద పాత దురద పుట్టింది.

"పొడిపించుకో. పుట్టినందుకు ఒక్కసారైనా పనికొచ్చావనిపించుకో. ఇన్నాళ్ళూ నేల మీద కార్చి పారేసిన నెత్తురే కదా."

తమ్ముడు ఫోను మెల్లిగా కొక్కేనికి తగిలించాడు. అలవాటుగా జేబులోంచి టార్చి తీసి ఒకసారి వెలిగించాడు, ఆర్పాడు, వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అక్క ఫోను చేస్తే పలకలేదు. సినిమాహాలుకి వెళ్ళి అడిగితే సెలవు పెట్టాడన్నారు. గదికి తాళం. ఆవిడ వచ్చి అద్దం అవతల నిలబడి ఫోనెత్తింది.

"ఏమన్నావు వాణ్ణి?"

మేస్త్రీ చెప్పాడు. దాచడానికి ఒంట్లో సత్తువ లేదు.

"నీకు పడుతున్న మందు నోటికి పనిచెయ్యడం లేదు కాబోలు," అంది అక్క. "సరే. పారిపోయాడు. వాడు చేసేది అదే కదా ఎప్పుడూ. ఆ రోజు కొట్లోంచీ ఇలాగే పోయాడు."

"డాక్టరమ్మకి చెబుదామండీ, వదినగారూ," అంది మేస్త్రీ భార్య, పక్కనుంచి.

"ఇంటి గుట్టు ఆవిడకెందుకు? అన్నదమ్ములు ఇలా కొట్టుకున్నారని తెలిస్తే మన పరువేం కాను? నేను వెతికిస్తాను."

ఇది వీళ్ళ కుటుంబంలోనే జరగగల సంగతి. మనిషి ప్రాణం సీసాలోంచి చుక్కచుక్కగా దిగిపోతుంటే, అడగవలసిన ఒకే ఒక్క చోట అడగకుండా ఊరంతా అడిగారు. డాక్టరమ్మని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగడం మేస్త్రీకి చేతకాదని చెప్పుకున్నాం. అది అతని ఒక్కడి జబ్బు కాదు, ఇంటి జబ్బు. పైగా హెడ్మిస్ట్రెస్ గారి లోపల ఇంకొకటి కూడా ఉంది. చిన్నవాడు దొరకకపోతే తన సగం కణాలు అడుగుతారేమోనని. ఆవిడ వెతుకులాటలో ఉన్న ఊపుకి అది కూడా ఒక కారణం. దాన్ని ఆవిడ బాధ్యత అనుకుంది.

మందులు పూర్తయ్యాయి. మేస్త్రీ ఒంట్లో తెల్లకణాల లెక్క సున్నాకి దిగింది. నోటినిండా మళ్ళీ పుళ్ళు. ఉమ్మి మింగితే గాజుపెంకులు మింగినట్టుంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు, చెప్పడానికి నోరు లేదు. పొద్దున చూడటానికి వచ్చిన డాక్టరమ్మ చార్టు చూసి సంతోషంగా, "బాగా ఖాళీ అయింది," అంది. ఖాళీ అయినందుకు సంతోషించేవాళ్ళు లోకంలో ఇళ్ళ బ్రోకర్లూ, ఈ డాక్టర్లూనే.

"అవతలివి రాకపోతే?" అన్నాడు మేస్త్రీ, గుసగుసగా.

"రాకపోతే మీరుండరు. ఎందుకు రావు?" అని ఆవిడ వెళ్ళిపోయింది. అప్పుడైనా అడగలేదు. ఎందుకు రావో చెప్పాలంటే తానేమన్నాడో చెప్పాలి.

అతను గోడవైపు తిరిగి సాధన చెయ్యడం మొదలుపెట్టాడు. ఇవ్వరా. ఇవ్వవూ. ఇస్తావురా తమ్ముడూ. తమ్ముడూ అన్న మాట పలకాలంటే పెదవులు గట్టిగా కలవాలి. పుళ్ళున్న పెదవులకి అది ఎంత కష్టమో, పొగరుకీ అంతే కష్టంగా ఉంది. జీవితమంతా ఒరేయ్ అనీ, టార్చిగా అనీ పిలిచాడు. వాటికి పెదవులతో పనే లేదు. గంటసేపు గొణిగాడు. తరవాత భార్యకి చెయ్యి ఊపి, ఫోనెత్తమని సైగ చేశాడు.

"ఎక్కడున్నా పట్టుకురా. నేనడుగుతానని చెప్పు. నేనే అడుగుతానని."

పాపం ఆవిడ పరుగెత్తింది. ఎక్కడికో ఆవిడకే తెలియదు.

ఆవిడ మెట్లు దిగేలోపే నర్సు లోపలికి వచ్చింది. చేతిలో ఒక సంచి. మామూలు నెత్తురు సంచిలాంటిదే, రంగు కాస్త పల్చగా ఉంది. కొక్కేనికి తగిలించి, గొట్టం మేస్త్రీ గుండె దగ్గరున్న గొట్టానికి కలిపింది.

"ఏంటిది?"

"మీ మార్పిడి."

"ఇంతేనా? ఆపరేషను లేదూ?"

"ఇంతే. సంచిలోంచి నెత్తుట్లోకి పోతాయి, వాటి దారి అవే వెతుక్కుని ఎముకల్లోకి చేరతాయి."

"ఎవరివి?"

నర్సు వింతగా చూసింది. "మీ తమ్ముడివే. పొద్దుటినుంచీ కింద మిషనుకి కట్టేసి ఉంచాం. ఒకటే జోకులు. రోజూ వెనక గేటునుంచి వచ్చి ఇంజెక్షను చేయించుకుని వెళ్ళేవాడు. మీకు చెప్పలేదా?"

మేస్త్రీ సంచి వంక చూశాడు. చుక్క పడింది. ఇంకో చుక్క పడింది. బతుకుతున్నానన్న సంతోషం ముందు వచ్చిందో, ఇంత సాధన దండగయిందన్న ఉక్రోషం ముందు వచ్చిందో చెప్పడం కష్టం.

మధ్యాహ్నం తమ్ముడు అద్దం అవతలకి వచ్చాడు. మోచేతి మడతలో దూది, ఎముకల పీకుడికి కాస్త వంగి నడక. వెనకే అక్కా, మేస్త్రీ భార్యా. అక్క మొహంలో తప్పు చేసిన పిల్లని పట్టుకోబోయి తానే దొరికిపోయిన టీచరు మొహం.

"ఎక్కడ చచ్చావురా ఇన్నాళ్ళూ?" అంటోంది.

"ఎక్కడికి పోతానక్కయ్యా. ఒళ్ళు పీకుతుంటే బస్సులో ఊగలేక ఆసుపత్రి వెనక సందులో, మా ప్రొజెక్టరాయన గదిలో ఉన్నా."

"ఫోనెందుకు కట్టేశావు?"

"హాల్లో ఫోను కట్టేసి ఉండాలని రూలు. మళ్ళీ వెయ్యడం మరిచిపోయా. నాకెవరు చేస్తారులే ఫోను."

"చెప్పి చావొచ్చు కదా."

"ఎవరైనా అడిగితే కదా."

తమ్ముడు ఫోనెత్తుకుని చెవిన పెట్టుకున్నాడు. ఇవతల మేస్త్రీ కూడా ఎత్తాడు. సంచి అప్పటికి మూడొంతులు ఖాళీ అయింది. అయినా సాధన చేసిన మాట కడుపులో ఉండిపోతే జీర్ణం కాదు. మేస్త్రీ పెదవులు గట్టిగా కలిశాయి.

"ఇస్తావురా, తమ్ముడూ?"

అవతల తమ్ముడు సంచి వంక చూశాడు. గొట్టం వంక చూశాడు. అన్న వంక చూశాడు.

"ఆలోచించి చెబుతా," అన్నాడు.

కొన్ని వారాలకి కణాలు కాపురం పెట్టాయి. తెల్లకణాల లెక్క సున్నా నుంచి లేచింది. దాంతోపాటు ఒంటి నిండా ఎర్రటి దద్దుర్లు, దురద. డాక్టరమ్మ మందు రాసి, "కొత్త కణాలకి మీ ఒళ్ళు పరాయిది. అందుకే కొంచెం తగువు పెట్టుకుంటాయి. ఎక్కువైతే ప్రమాదం కానీ, ఇంతలో ఉంటే మంచిదే. ఎక్కడైనా కేన్సర్ కణాలు దాక్కుంటే వాటినీ పట్టుకుంటాయి," అంది.

"అంటే వీడు నన్ను లోపలినుంచి తిడుతున్నాడన్నమాట," అన్నాడు మేస్త్రీ.

"ఇన్నేళ్ళ బాకీ అన్నయ్యా. ఒక్కసారిగా తీరదు," అన్నాడు తమ్ముడు, దద్దుర్ల మీద మందు రాస్తూ. వదినకి చేతులు నొప్పిగా ఉన్నాయని ఆ పని అతను అందుకున్నాడు. రోజూ సాయంత్రం ఆట మొదలయ్యేలోగా వచ్చేవాడు. మొహమాటంతో కాదు. చూడటానికి వచ్చినవాళ్ళు ఇప్పుడు మేస్త్రీని కాక అతన్ని పలకరించేవారు, ఎంత త్యాగమయ్యా అని. నిన్నటిదాకా అతని మొహం చూడనివాళ్ళే. అతను వాళ్ళ కాళ్ళ ముందు టార్చి వేసి, "గుమ్మం ఇటు," అనేవాడు.

ఏడాది దాటాక మేస్త్రీ కొట్టు తెరిచాడు. జుట్టు కొత్తగా, మెత్తగా, పసిపిల్లల జుట్టులా వచ్చింది. నెత్తురు గ్రూపు మారిపోయింది. ఇప్పుడు తమ్ముడిదేదో అతనిదీ అదే. చేసిన మొదటి పని సినిమాహాలు పోస్టర్ల పెట్టెకి అద్దం. తమ్ముడు వచ్చి గుమ్మంలో స్టూలు మీద కూర్చుని, పోయేవాణ్ణీ వచ్చేవాణ్ణీ పలకరిస్తున్నాడు.

"కొలత ఎవడు తెచ్చాడు?" అన్నాడు మేస్త్రీ.

"నేనే."

"టేపుతోనా, టార్చితోనా?"

"కళ్ళతో. సరిపోతుందిలే, కొయ్యి."

"కళ్ళతో కొలిచాడట. వీడి కళ్ళకి ఇరవై ఏళ్ళుగా సీట్ల నెంబర్లు తప్ప ఏమీ ఆనలేదు." గొణుక్కుంటూనే కలాన్ని కిరసనాయిల్లో ముంచాడు. గీత సర్రుమని పడింది. వెంటనే బల్ల అంచుకి జరిపి విరిచాడు. విరిచాడు కానీ, చేతిలో మునుపటి పట్టు ఇంకా రాలేదు. పలక అంచు బొటనవేలి మీదుగా జారింది.

ఎర్రటి గీత ఒకటి లేచి, చుక్కై, కంబళి మీద పడింది. మేస్త్రీ కదలలేదు. పాత మధ్యాహ్నం కళ్ళ ముందు నిలబడింది. తడిసిన గుడ్డ మీద గుడ్డ. వేలు పైకెత్తి చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి చుక్క చిన్నదయింది. చిక్కబడింది. ఆగిపోయింది. మూతి బిగించుకుని మేస్త్రీ ఇంకా వేలి వంకే చూస్తున్నాడు.

గుమ్మంలో తమ్ముడు స్టూలు మీంచి లేవలేదు. మెడ మటుకు తిప్పాడు.

"చూసుకుని కొయ్యన్నయ్యా," అన్నాడు. "అది నాది."